నల్ల మడా, తెల్ల మడా? గట్టు చెట్టు డైరీ

ఫిబ్రవరి 11, ఆదివారం

చొల్లంగి అమావాస్య వెళ్లి రెండు రోజులైంది. పోటు బాగా ఎక్కి, పాటుకి బాగా లాగే రోజులు. పొద్దున్న ఏడింటికి పాయ ఒడ్డుకి వెళ్లేసరికి నీళ్లు దిగిపోయి బురదంతా బయటపడి ఉంది. ఈ ఏడాది పని ఇక్కడి నుంచే మొదలుపెట్టాను.

పనేమిటో ముందు రాసుకుంటాను. తాళ్లరేవు దగ్గర మాకు ఎకరంన్నర రొయ్యల చెరువు ఉండేది. రొయ్యలకి తెల్లమచ్చ రోగం తగిలి వరసగా రెండు పంటలు పోయాక నాన్న వదిలేశారు. పదకొండేళ్లుగా బీడు. చెరువు తవ్వకముందు అక్కడ మడ (పోటు నీళ్లు ముంచే ఉప్పు బురదలో పెరిగే చెట్టు) ఉండేదని అమ్మ చెబుతుంది. మళ్లీ మడే పెంచాలని నా కోరిక. పోయిన ఏడాది దొరికిన చోటల్లా మడ కాయలు ఏరుకొచ్చి, 250 సంచుల్లో మొలకెత్తించి, చెరువు నడుమ నాటాను. వేసవి దాటేసరికి 31 మిగిలాయి. ఆ మొక్కలు ఏ మడవో అప్పుడు నేను చూసుకోలేదు. మడ అంటే మడే అనుకున్నాను.

మడ ఒక్కటి కాదు. మన గోదావరి ముఖద్వారంలో, కోరింగ అడవిలో మూడు రకాల మడలున్నాయి. ఏ రకం ఎక్కడ బతుకుతుందో వాటి లెక్క వాటికుంది. అందుకే ఈసారి ముందు తల్లిచెట్టు పేరు తేల్చుకుని, తర్వాతే విత్తనం తీయాలని నిర్ణయించుకున్నాను. మా చెరువు గట్టుకి అవతల, పాయ వైపు బురదలో పెద్ద చెట్టు ఒకటి నిలబడి ఉంది. రెండు తాటి నిట్రాళ్లంత ఎత్తు ఉంటుంది. కాపు బాగా కాస్తుంది. అదే నా చెట్టు.

ఈ రోజు రాసుకున్నవి: చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు ఊపిరి వేర్లు, జానెడు ఎత్తున, చెట్టుకి పది పన్నెండు అడుగుల దూరం దాకా. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉన్నాయి. ఆకు పైన ముదురు ఆకుపచ్చ, కింద తెలుపు. ఆకు తుంచితే పాలు రాలేదు. నాలుకతో తాకితే ఉప్పు. మడ పీల్చిన ఉప్పులో కొంత ఆకు మీద నుంచే బయటికి తోసేస్తుంది. ఎండ ముదిరాక భూతద్దం పెట్టి చూస్తే ఆ ఉప్పు పలుకులు మెరుస్తూ కనిపించాయి.

ఇంతవరకు చూస్తేనే ఇదే బురదలో పెరిగే వేరే చెట్ల పేర్లు కొన్ని పక్కకి వెళ్లిపోయాయి. పాలు లేవు, ఆకులు జంటగా ఉన్నాయి కాబట్టి తిల్ల కాదు. కాండం నుంచి గుంజల్లా వంగి బురదలో దిగే వేర్లు లేవు కాబట్టి ఉప్పు పొన్న కాదు. ఊపిరి వేర్లు, తెల్లటి ఆకు అడుగు కలిపి చూస్తే మడ అన్న మాట ఖాయం. ఏ మడ అన్నదే మిగిలింది.

పాయ నీరు, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 19 పీపీటీ (వెయ్యి పాళ్లలో 19 పాళ్లు ఉప్పు) చూపించింది. సముద్రపు నీరు సుమారు 35 ఉంటుంది. చెరువుల కాలంలో కొన్న పరికరం, ఇప్పటికీ బాగానే ఉంది.

ఫిబ్రవరి 18

పడవ బాబాయ్‌ని పట్టుకొచ్చాను. ఈ పాయల్లో యాభై ఏళ్లుగా వల వేస్తున్న మనిషి. చెట్టు కింద నిలబడి ఒక్కసారి తలెత్తి చూసి, "నల్ల మడ బాబూ" అన్నాడు.

"ఎలా తెలిసింది బాబాయ్?"

"కనపడతల్లేదా? మాను చూడు, బొగ్గులా ఉంది. తెల్ల మడ మాను పాలిపోయి ఉంటాది, పెచ్చులూడతాది."

నిజమే. బెరడు నల్లగా, మసి పూసినట్టుంది. చెయ్యి పెడితే పెద్ద గరుకు లేదు, చిన్న చిన్న బొడిపెలు తగిలాయి. పాయ అవతలి ఒడ్డున ఉన్న ఇంకో మడ చూపించాడు. దాని మాను లేత పసుపు, పచ్చ కలిసిన రంగులో ఉంది, పలుచని పెచ్చులు ఊడి మచ్చలు మచ్చలుగా ఉంది. జామ మాను గుర్తొచ్చింది.

పుస్తకాల్లో నల్ల మడ అన్న పేరు అవిసెన్నియా అఫిసినాలిస్‌కి ఇచ్చారు. అవిసెన్నియా మెరైనాని తెల్ల మడ అంటారు. మూడోది అవిసెన్నియా ఆల్బా, దాన్ని విలవ మడ అంటారు. ఇంటికొచ్చి నోటుబుక్కులో "అఫిసినాలిస్?" అని రాసుకుని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

మార్చి 10

మా అక్క కూతురు వచ్చింది. కాకినాడలో బీఎస్సీ చదువుతోంది, బోటనీ దాని సబ్జెక్టుల్లో ఒకటి. ఇద్దరం కలిసి ఇరవై ఆకులు కోశాం. పది కింది కొమ్మల నుంచి, నీడలోవి. పది ఎండ తగిలే పై కొమ్మల నుంచి, దోటీతో. పేపరు మీద పరిచి స్కేలు పెట్టి కొలిచాం.

ఈ మూడు మడల ఆకుల గురించి మామూలుగా చెప్పేది ఇలా ఉంటుంది. అఫిసినాలిస్ ఆకు కొన గుండ్రంగా, మొద్దుగా ఉంటుంది, అడుగున పసుపు కలిసిన లేత రంగు. ఆల్బా ఆకు బల్లెం మొనలా సన్నగా, కొన కోసుగా ఉంటుంది, అడుగున వెండి తెలుపు. మెరైనా ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, అడుగున బూడిద తెలుపు.

మా ఇరవై ఆకుల్లో పైవన్నీ సన్నగా కోసుగా ఉన్నాయి. కిందివాటిలో నాలుగు మాత్రం వెడల్పుగా, కొన మొండిగా ఉన్నాయి. ఒకే చెట్టు ఆకులు! ఆ నాలుగే చేతికొచ్చి ఉంటే అఫిసినాలిస్ అనేవాణ్ణి. పై పది మాత్రమే వచ్చి ఉంటే ఆల్బా అనేవాణ్ణి. నీడలో పెరిగిన ఆకు వెడల్పు పెంచుకుంటుంది, అది చాలా చెట్లకి ఉన్న అలవాటే. అందుకని ఆకు ఆకారాన్ని ఒంటరి సాక్షిగా తీసుకోకూడదని రాసుకున్నాం. అడుగు రంగు మాత్రం ఇరవైకీ ఒకటే: తెలుపు, వెండి మెరుపు. ఎక్కడా పసుపు లేదు.

"మావయ్యా, అడుగు ఇంత తెల్లగా ఉంటే అఫిసినాలిస్ అవ్వదేమో. బాబాయ్ గారు మాను చూసి చెప్పారు కదా, ఆల్బా మాను కూడా నల్లగానే ఉంటుంది" అంది.

నాకు అక్కడ ఒక చిక్కు విడిపోయినట్టనిపించింది. ఆల్బా అంటే లాటిన్‌లో తెలుపు. ఆకు అడుగు చూసిన శాస్త్రవేత్తకి అది తెల్ల చెట్టు. మాను చూసి, వంటచెరకు కొట్టి బతికిన మనిషికి అదే నల్ల చెట్టు. బాబాయ్ తప్పు చెప్పలేదు. తను చూసే చోట చూసి చెప్పాడు. నేనే ఆ పేరుని పుస్తకంలో పేరుకి తిన్నగా అతికించేశాను.

ఇంకో మాట కూడా చెప్పింది, అది నాకు చాలా నచ్చింది. మడని ఇంతకుముందు వేరే కుటుంబంలో పెట్టేవారట, ఇప్పుడు అకాంతేసీ కుటుంబంలో చేర్చారు. అంటే అడ్డసరం, నేలవేము, కనకాంబరం కుటుంబం. అమ్మ రోజూ మాల కట్టే కనకాంబరానికీ, బురదలో ఊపిరి వేర్లు లేపి నిలబడిన ఈ మానుకీ చుట్టరికం! అవిసెన్నియా అన్న పేరేమో వెయ్యేళ్ల కిందటి వైద్యుడు ఇబ్న్ సీనాది.

పూత వచ్చేదాకా ఆగాలి. ఆకుతో తేలదు.

మే 5

చెట్టు కోసం కాదు, చెరువు కోసం వెళ్లాను. నడి మధ్యాహ్నం చెరువు అడుగు తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. మూరెడు లోతు గుంట తీస్తే ఊరిన నీరు 64 పీపీటీ. సముద్రం కంటే దాదాపు రెట్టింపు. పోయిన ఏడాది మొక్కలు ఎందుకు చచ్చాయో గుంట చూపించింది. గట్టు ఇంకా చెక్కుచెదరకుండా ఉంది, పోటు నీరు లోపలికి రాదు, వచ్చిన వాననీరు బయటికి పోదు. ఎండకి నీరు ఆవిరై ఉప్పు మాత్రం మిగిలిపోతుంది.

మడ అడవులు చెడిపోయిన చోట మళ్లీ పెంచడానికి గోదావరి, కృష్ణా డెల్టాల్లో చేపముల్లు కాలువలు తవ్వారు. మధ్యలో పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలువలు. పోటుకి నీరు అన్ని మూలలకీ ఎక్కుతుంది, పాటుకి ఉప్పుని కడుక్కుని దిగుతుంది. మాకున్నది ఎకరంన్నరే కాబట్టి ఒక పెద్ద కాలువ, ఆరు చిన్నవి చాలు. గట్టుని పాయ వైపు రెండు చోట్ల తెంచాలి. తన చేతులతో వేయించిన గట్టు కదా, నాన్న ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున్న తనే గునపం పట్టుకుని వచ్చి ఎక్కడ తెంచితే నీరు సాఫీగా ఎక్కుతుందో గీత గీసి చూపించారు.

చెట్టు మాత్రం ఈ ఎండలోనూ నిండుగా పచ్చగా ఉంది. ఏడాది పొడుగునా ఆకు ఉంటుంది దీనికి. ముదురు ఆకులు పండి ఒకటీ అరా రాలుతూనే ఉంటాయి, మోడు అవ్వడం మాత్రం లేదు. రాలిన ఆకుని పీతలు బొరియల్లోకి లాక్కెళ్తున్నాయి. కొమ్మల చివర మొగ్గలు గుత్తులుగా కనిపిస్తున్నాయి.

జూన్ 9

పూత!

దోటీతో మూడు రెమ్మలు వంచి చూశాం. పసుపు, నారింజ కలిసిన రంగు. నాలుగు రెక్కలు. స్కేలు పెడితే పువ్వు 4 మిల్లీమీటర్లు, పెద్దది 5. తేనెటీగలు ముసురుకుని ఉన్నాయి, జాగ్రత్తగా చేయాల్సి వచ్చింది.

అఫిసినాలిస్ పువ్వు మడలన్నిటిలో పెద్దది, సెంటీమీటరు దాటుతుంది. పాచిపోయినట్టు ఒక రకం వాసన ఉంటుంది. మా పువ్వు అందులో సగం కూడా లేదు, వాసన కూడా అలాంటిది కాదు. అఫిసినాలిస్ పేరు ఇవాళ్టితో కొట్టేశాను.

మిగిలింది మెరైనా, ఆల్బా. ఇక్కడ పువ్వు సైజు కంటే అమరిక ముఖ్యం. మెరైనా పూలు కాడ చివర ముద్దగా ఒకచోట చేరతాయి. ఆల్బా పూలు కాడ పొడుగునా జంట జంటగా, మధ్యలో ఖాళీ వదులుతూ కంకిలా ఉంటాయి. మా రెమ్మల్లో రెండు స్పష్టంగా కంకులే. మూడోది ఇంకా విచ్చుకోని మొగ్గ, ముద్దలా కనిపించింది. మా అక్క కూతురు నూటికి ఎనభై ఆల్బా అంది. నేను ఎనభైతో విత్తనం తీయను. కాయ చూడాల్సిందే.

బాబాయ్‌ని అవతలి ఒడ్డుకి తీసుకెళ్లమన్నాను. పెచ్చులూడే మాను ఉన్న చెట్టు పూలు కూడా చూశాం, పక్కపక్కన పెట్టుకుంటే తేడా బాగా తెలుస్తుంది కదా. దాని పూలు కొంచెం పెద్దవి, కాడ చివర గుత్తిగా ఉన్నాయి. ఆకు మా చెట్టు ఆకు కంటే పొట్టిగా ఉంది. అది తెల్ల మడ, మెరైనా. ఇందులో బాబాయ్ పేరూ పుస్తకం పేరూ ఒకటే.

తిరిగి వస్తుంటే ఒక తిల్ల కొమ్మ పడవకి రాసుకుంది. బాబాయ్ చప్పున నా తల వంచేశాడు. తిల్ల పాలు కంట్లో పడితే చూపు పోతుందని ఇక్కడ పిల్లలకి ఈత నేర్పేటప్పుడే చెబుతారు. చెట్లు గుర్తుపట్టే సరదా ఉన్నవాళ్లు ఎవరైనా సరే, ఈ అడవుల్లో ముందు తిల్లనే నేర్చుకోవాలి. తెలియని ఆకు తుంచేటప్పుడు మొహానికి దూరంగా పెట్టుకోండి, ఆ చేత్తో కళ్లు తుడుచుకోకండి.

జూలై 28

పాయ నిండా ఎర్ర నీరు. గోదావరికి వరద. ఉప్పదనం 1 పీపీటీ, ఒక రోజు సున్నా చూపించింది. ఇదే పాయ మే నెలలో 30 దాటింది. ఒక్క ఏడాదిలో ఇంత తేడాని తట్టుకుని ఒకే చోట నిలబడి బతకడం ఎంత కష్టమో ఆ అంకెలు పక్కపక్కన రాసుకున్నప్పుడు అర్థమైంది.

కాలువలు పూర్తయ్యాయి. తెంచిన గట్టులోంచి వరద నీరు లోపలికి వచ్చి పోతోంది. లోపలి గుంటలో నీరు 9 పీపీటీకి దిగింది. చెట్టు దగ్గరికి వెళ్లలేకపోయాం.

ఆగస్టు 18

రేపు పౌర్ణమి. పాటు బాగా తీసింది. చెట్టు కింద బురదలో మోకాలి లోతు దిగి నిలబడి తలెత్తితే కాయలు కనిపించాయి.

ఇంకా లేత కాయలే. కానీ చెప్పాల్సింది చెప్పేశాయి. మెరైనా కాయ గుండ్రంగా, కొంచెం అణిగి, చివర చిన్న ముక్కుతో ఉంటుంది. అఫిసినాలిస్ కాయ ఇంకా పెద్దది, పైన ముడతలు ఉంటాయి. మా చెట్టు కాయ ఈ రెండూ కాదు. మిరపకాయలా ఉంది. పొట్టి, లావు బజ్జీ మిరపకాయని ఊహించుకోండి. అడుగున ఉబ్బి, చివరికి సన్నబడి, ముక్కు కోసుగా వంగి ఉంది. బూడిద పచ్చ రంగు, పైన మెత్తని నూగు. ఐదు కాయలు కొలిచాం, ముక్కుతో కలిపి 2.5 నుంచి 3 సెంటీమీటర్లు. ఇంకా సాగుతాయి.

నల్లటి మాను, వెండి అడుగున్న కోసు ఆకు, కంకి పూత, మిరపకాయ కాయ. నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి. అవిసెన్నియా ఆల్బా, విలవ మడ. నోటుబుక్కులో ఫిబ్రవరి పేజీ తీసి ప్రశ్నార్థకం కూడా కొట్టేసి ఈ పేరు రాశాను.

ఇంటికి రాగానే నాటే పటం మొత్తం మార్చాల్సి వచ్చింది. ఆల్బా నీటి అంచు చెట్టు. రోజూ పోటు ముంచే మెత్తటి కొత్త బురదలో ముందుకెళ్లి నిలబడే రకం. నేను మే దాకా దీని మొక్కల్ని చెరువు నడుమ, ఎత్తు మీద నాటాలనే అనుకున్నాను. అక్కడ నాటితే మళ్లీ పోయిన ఏటి కథే అయ్యేది. ఇప్పుడు లెక్క ఇది: గట్టు బయట పాయ అంచున, రెండు గండ్ల దగ్గర, పెద్ద కాలువ మొదట్లో విలవ మడ. లోపలి ఎత్తు భాగంలో తెల్ల మడ. మెరైనా ఉప్పు ఎక్కువైన నేలని బాగా ఓర్చుకుంటుంది. దాని విత్తనానికి అవతలి ఒడ్డు చెట్టు ఉండనే ఉంది. అదీ అడవి హద్దులో లేదు, బాబాయ్ అన్నగారి జిరాయితీ అంచున ఉంది. అడిగితే సరేనన్నారు.

సెప్టెంబరు 15

కాయలు రాలుతున్నాయి. రాలినవి పోటుకి కొట్టుకుపోకుండా బాబాయ్ పాత వల ఒకటి చెట్టు కింద నాలుగు కర్రలకి ఊయలలా కట్టాడు. మూడు రోజుల్లో బక్కెట్టు నిండింది. తెల్ల మడ కింద కూడా ఇలాగే.

మడ కాయని మామూలు విత్తనంలా చూడకూడదు. లోపల విత్తనం చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది, కాకపోతే పై తొక్క చీల్చుకుని బయటికి రాదు. రాలి నీళ్లలో పడ్డాక తొక్క ఊడుతుంది. మడతపెట్టిన రెండు దళసరి బద్దలు విప్పుకుని వేరు కిందికి దిగుతుంది. అందుకే ఎండబెట్టి దాచుకోవడానికి కుదరదు. ఏరిన వారంలోనే సంచిలో పడాలి.

పురుగు కన్నం ఉన్నవి, ముడతపడి తేలిగ్గా ఉన్నవి తీసేశాం. మిగిలినవి పాయ నీళ్లలో నానబెట్టాం. రెండో రోజు పొద్దున్నకి చాలావాటికి తొక్క వాటంతటదే జారిపోయింది.

సెప్టెంబరు 17

సంచులు నింపాం. పాయ ఒండ్రు మట్టే, ఇంకేం కలపలేదు. వేరు వైపు కొంచెం బురదలోకి నొక్కి, బద్దలు పైకి ఉండేలా పెట్టాలి. లోతుగా పూడిస్తే కుళ్లిపోతాయి, ఊరికే పైన పెడితే పోటుకి లేచిపోతాయి. అమ్మ, నాన్న, అమ్మాయి, బాబాయ్, నేను. విలవ మడ 140, తెల్ల మడ 180. రెండు రకాలూ కలిసిపోకుండా విలవ మడ సంచులకి ఎర్ర దారం కట్టాం. ఇది అమ్మ ఆలోచన.

నర్సరీ గండి పక్కనే, పోటు నీరు రోజుకి రెండుసార్లు సంచుల అడుగు తడిపేటట్టు. చుట్టూ వల కట్టాం. పీతలు లేత కాడలు కొరికేస్తాయి, గేదెలకి మడ ఆకంటే మహా ఇష్టం.

అక్టోబరు 13

దసరా మర్నాడు. లెక్క పెట్టాం. విలవ మడ 140లో 117 నిలిచాయి. తెల్ల మడ 180లో 161. ఒక్కోదానికి బద్దలు కాకుండా రెండు జతల ఆకులు వచ్చాయి. పోయిన వాటిలో ఎక్కువ భాగం ఒక మూలవే, అక్కడ వలకి కన్నం పడి పీతలు దూరాయి. కుట్టేశాం.

పక్కపక్కన పెట్టి చూస్తే ఇంత లేత వయసులో రెండు రకాలనీ నేను విడదీయలేకపోతున్నాను. దారమే ఆధారం. అమ్మాయి ప్రతి వారం రెండింటి ఆకుల ఫొటోలు తీసి తేడా ఎప్పుడు మొదలవుతుందో రాస్తానంది. దానికోసం వేరే నోటుబుక్కు కొన్నాం.

లోపలి గుంటలో నీరు ఇవాళ 14 పీపీటీ. పెద్ద కాలువలో కొరమీను కాదు గానీ, జెల్లలు కనిపించాయని నాన్న వచ్చి చెప్పారు. నాటడం జనవరిలో, మొక్క మూరెడు ఎత్తు వచ్చాక.

బాబాయ్‌కి చెట్టు పేరు చెప్పాను. "విలవ మడ" అని రెండుసార్లు పలికి చూసుకున్నాడు. "మా తాత కూడా ఆ మాట అనేవోడు బాబూ, ఏ చెట్టుననేవోడో నాకు తెలీదు" అన్నాడు. లేచి వెళ్లి నల్లటి మాను మీద చెయ్యి వేసి కాసేపు అక్కడే నిలబడ్డాడు.